సామాను దగ్గర ఎవరో ఒకరు

నేను యూరప్ చూశానని చెప్పుకునే హక్కు నాకుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తిరిగింది నేనే. కోట ఎక్కింది, వంతెన దాటింది, కొండ మీద మంచు పట్టుకున్నది నేనే. కానీ ఆ ప్రయాణం నాది కాదు. దాని గురించి మూడేళ్ళు కలలు కని, కాయితాల మీద రైళ్ళ వేళలు రాసుకుని, సంచులు కుట్టించి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది అక్క. అంతా చేసి అక్క చూసింది మాత్రం రైల్వే స్టేషన్లు. అందుకు చాలావరకు కారణం నేనే కాబట్టి ఇది కాస్త వివరంగా రాయాలి.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఎనభైల మొదట్లో గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరినప్పుడు, మగవాళ్ళ సర్జికల్ వార్డులో నాకు పని నేర్పిన మనిషి. ఆమెది బాపట్ల దగ్గర పల్లె, నాది రేపల్లె. ఇద్దరం మిషను ఆస్పత్రుల్లో నర్సింగు చదివిన వాళ్ళమే. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఆమెకి నలభై దగ్గరపడుతున్నాయి, నాకు ఇరవై ఏడు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఆమె పద్ధతి మనిషి. దుప్పటి మూలలు స్కేలు పెట్టి కొలిచినట్టు మడిచేది. డ్యూటీకి పది నిమిషాలు ముందుండేది. నేను పరుగున వచ్చి సంతకం పెట్టే రకం. "నీ చేతికి ఆ గడియారం దండగే," అని రోజూ విసుక్కునేది.

మా వార్డుకి ఎక్కువగా వచ్చేది కంకర క్వారీల్లో దెబ్బలు తగిలిన కూలీలు. ఒకసారి మాత్రం ఒక తెల్లాయన వచ్చాడు. క్వారీలో యంత్రాలు బిగించడానికొచ్చి కాలు విరగ్గొట్టుకున్నాడు. నెలరోజులు మంచం మీద ఉండి, పోతూ పోతూ అక్క చేతిలో ఒక పుస్తకం పెట్టిపోయాడు. వీపుకి సంచి తగిలించుకుని యూరప్‌లో రైళ్ళ మీద ఎలా తిరగాలో చెప్పే పుస్తకం. వెనక అట్టలో మడతలు విప్పితే మంచమంత రైలు పటం. మొదట కాలక్షేపానికి తిరగేసింది. తర్వాత తర్వాత పొద్దున బైబిలు, సాయంత్రం ఈ పుస్తకం అన్నట్టు తయారైంది. అన్నం తింటూ కూడా నాకు చదివి వినిపించేది.

"ఒకటే పాసంటే. అది చేతిలో ఉంటే ఏ దేశంలో ఏ బండన్నా ఎక్కొచ్చు. యాడ దిగబుద్ధయితే ఆడ దిగొచ్చు. ఎవురూ ఏందని అడగరంట."

ఆ మాట ఆమెకి ఎంత తీపో నాకప్పుడు తెలియలేదు. ఆమె గల్ఫ్‌కి వచ్చి అప్పటికి ఏడేళ్ళు. రెండేళ్ళకోసారి సెలవు. సెలవంటే బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి ఊరికి రైలు, నెలన్నరపాటు చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగడం, చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించడం, మళ్ళీ అదే రైలు, అదే విమానం. ఇన్ని ప్రయాణాల్లో తనకి దిగాలనిపించి దిగిన స్టేషను ఒక్కటి కూడా లేదు.

పటం మీద ఒకచోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. స్విట్జర్లాండ్‌లో ఒక కొండ. దాని కడుపులోంచి సొరంగం తవ్వి పైదాకా రైలు వేశారు. యూరప్ మొత్తంలో అంతకంటే ఎత్తున ఇంకో స్టేషను లేదు. ఎండాకాలంలో కూడా అక్కడ మంచుంటుంది.

"మిగతా ఊళ్ళు చూసినా చూడకపోయినా ఒకటే. నాకు ఆ మంచు చేత్తో పట్టుకోవాలనుందే," అంది ఒకరోజు.

"వార్డు ఫ్రిజ్‌లో బోలెడుంది, పోయి పట్టుకో," అన్నాను.

"అది మనం గడ్డకట్టించింది. ఇది పైనుంచి దానంతటది పడతది," అంది. వెక్కిరించానని కోపం కూడా తెచ్చుకోలేదు.

నాకు మొదట్లో ఆ పిచ్చి లేదు. కానీ ఆమె చదవగా చదవగా నాక్కూడా అంటుకుంది. నేను సరేనన్నాక పని మొదలైంది. వీపు సంచులు దొరక్క, దుబాయ్ వెళ్ళి నైఫ్ బజారులో ఒక పఠాను టైలరు చేత గుడారం గుడ్డతో రెండు కుట్టించాం. ఎందుకని అడిగితే అక్క హిందీలో, "సామాన్ కే లియే," అంది. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, పట్టీలు అడిగినదానికంటే వెడల్పుగా వేశాడు. ఎంతైనా అనుభవం ఉన్నవాడు. శుక్రవారాలు ప్రార్థన అయ్యాక ఆ సంచుల్లో బియ్యం వేసుకుని సముద్రం ఒడ్డున నడక నేర్చుకున్నాం. మొదటి వారం ఐదు కిలోలు, తర్వాత పది. బంతాట ఆడుకునే అరబ్బు పిల్లలు పదండి పదండి అన్నట్టు "యల్లా, యల్లా" అని మా వెనక పరిగెత్తేవాళ్ళు. అక్క వాళ్ళకి చెయ్యి ఊపి ఇంకా వేగంగా నడిచేది. అన్నేళ్ళలో ఆమె అంత నవ్వడం ఆ ఒడ్డు మీదే చూశాను.

ఈ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో ఇద్దరాడవాళ్ళు పెళ్ళీ పెటాకులూ లేకుండా, వీపుకి మూటలేసుకుని దేశాలు తిరుగుతున్నారంటే, మేం విమానం ఎక్కకముందే ఆ కబురు మా ఊరి చర్చికి చేరేది. పాస్‌పోర్టులేమో ఆస్పత్రి పెద్ద, ముదీర్ గదిలో ఇనప బీరువాలో ఉండేవి. సెలవు కాయితంలో ఎక్కడికి అన్నచోట ఇండియా అని రాస్తే ఆయన ఏమీ అడగడు, వేరే ఏం రాసినా పది ప్రశ్నలు. అందుకని ఇండియా అనే రాశాం. అబద్ధం కాదు, చివరికి వెళ్ళేది ఇండియాకే. మధ్యలో పది రోజుల సంగతి రాయలేదు, అంతే. ఏదో వంక చెప్పి పాస్‌పోర్టులు నెల ముందే తీసుకుని, అబూ ధాబీ వెళ్ళి వీసాలు వేయించుకున్నాం. ఆస్పత్రి ఇచ్చే బొంబాయి టికెట్‌ని దుబాయ్ దేరాలో ఒక ట్రావెల్ ఏజెంటు ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్ళి, రోమ్ నుంచి బొంబాయి చేరేట్టు మార్చి ఇచ్చాడు.

"చెప్పకపోవడం పాపం కాదు గదే?" అని అక్క నన్నడిగింది. పాపపుణ్యాలకి నన్ను అడిగే పరిస్థితి వచ్చిందంటే ఆమెకి ఎంత ఆశగా ఉండాలి!

మేం చేసిన తెలివితక్కువ పని అక్కడే ఉంది. గల్ఫ్‌లో సెలవుకి పోయేవాళ్ళ పెట్టెలో సగం వాళ్ళది కాదు. ఎవరు ఇంటికి పోతున్నా అందరూ తలా ఒక పొట్లం ఇస్తారు. మన వంతు వచ్చినప్పుడు మనం ఇస్తాం. కాదనడం ఎవరికీ చేతకాదు, అలా కాదన్న మనిషిని తర్వాత ఎవరూ పలకరించరు. మేం ఇంటికే పోతున్నామని హాస్టలంతా నమ్మింది కాబట్టి, ప్రయాణం వారం ఉందనగా పొట్లాలు రావడం మొదలైంది. పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, జపాను చీరలు, చెల్లెలికి బూట్లు, ఒకావిడ తండ్రి కోసం టేప్ రికార్డరు. పాత దుప్పటి ముక్కల్లో కుట్టి, పైన పేరూ ఊరూ సిరాతో రాసి మా మంచాల మీద పెట్టిపోయేవాళ్ళు. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే యూరప్ బయటపడుతుంది.

చివరి పొట్లం వార్డులో వచ్చింది. క్వారీలో వేళ్ళు నలిగి మా దగ్గర చేరిన ఒక కరీంనగర్ మనిషి. కట్టు మారుస్తుంటే రెండో చేత్తో దిండు కిందనుంచి ఒక మూట తీశాడు.

"సిస్టరమ్మా, మీరు దేశం పోతున్రట గదా. జెర గిది మా తమ్మునికియ్యున్రి. బొంబయిల ఏర్‌పోట్‌కే అస్తడు. నాన్నకు గడియారం, బిడ్డకు బొమ్మ. బిడ్డను నేనింకా సూడనే లేదు."

నేను కళ్ళతోనే అక్కకి వద్దని సైగ చేశాను. ఆమె నావైపు చూడకుండా ఆ మూట తీసుకుంది. బయటికొచ్చాక గొడవపడ్డాను. అప్పుడు చెప్పింది. ఆమె మొదటిసారి సెలవుకి పోయినప్పుడు ఇలాగే ఒక కూలీ ఇచ్చిన రేడియోని సంచితో సహా బొంబాయి స్టేషనులో సామాన్ల గదిలో పెట్టి స్నానానికి వెళ్ళిందట. వచ్చేసరికి సంచి ఉంది, రేడియో లేదు.

"తిరిగొచ్చి చెప్తే ఆయన ఒక్క మాటన్లేదే. పోన్లే సిస్టరమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది," అంది. "ఒకరి వస్తువు మన చేతిలో ఉన్నన్నాళ్ళు మన కళ్ళ ముందే ఉండాల."

అలా రెండు వీపు సంచులు నిండిపోయాయి. మా బట్టలు తలా రెండు జతలకి తగ్గాయి. అవి కాక చేతిలో ఒక్కో మూట.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక మొదటి స్టేషనులోనే సామాన్లు పెట్టుకునే ఇనప అరలు కనిపించాయి. నాణెం వేసి, తలుపేసి, తాళం చెవి తీసుకుని పోవచ్చు. నా వయసు పిల్లలు గుంపులు గుంపులుగా సంచులు అందులో తోసేసి చేతులూపుకుంటూ పోతున్నారు. నేను అక్క మొహం చూశాను. ఆమె ఒక అర తలుపు తీసి లోపలికి తొంగిచూసి, మళ్ళీ వేసింది.

"తాళం చెవి మన దగ్గరుంటే ఏం లాభం, అర వాళ్ళది గదే," అంది. అంతే, ఖలాస్. ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు.

కాబట్టి ప్రతి ఊళ్ళోనూ సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. వంతులు వేసుకుందామన్నాం. వంతులైతే వేసుకున్నాం గానీ ప్రతిచోటా వంతు ఆమెదే అయింది. రైన్ నది పక్కన చిన్న ఊళ్ళో దిగితే, "కోట ఎక్కాలంట, నా మోకాళ్ళకి పడదులే, నువ్వు పోయిరా," అంది. ఆమె కెమెరా మెడలో వేసుకుని పోయొచ్చాను, దారినపోయేవాళ్ళ చేత ఫొటో తీయించుకున్నాను. లూసెర్న్‌లో స్టేషను ఎదురుగా చెరువు, దాని పక్కనే పాతకాలం చెక్క వంతెన. ఐదు నిమిషాల నడక. "నువ్వు పోయిరా, నేను తర్వాత పోతాలే," అంది. నేను వెళ్ళి, చెరువు గట్టున ఐస్‌క్రీం తిని, అంగళ్ళన్నీ చూసి గంటన్నరకి వచ్చాను. తర్వాతి బండికి టైమైపోయింది.

"వంతెన కప్పు కింద మూడు మూలల పలకల మీద బొమ్మలుంటయ్యంట. ఎట్టా ఉన్నయ్యే?" అని అడిగింది.

నేను కప్పు వైపు తలెత్తనే లేదు. "బాగున్నాయక్కా," అన్నాను. ఆమె పుస్తకం తెరిచి ఆ పేజీలో తేదీ వేసుకుంది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సిగ్గు కూడా వేయలేదు. తప్పించుకున్నానని అనిపించింది.

రైల్లో ఉన్నంతసేపూ మాత్రం ఆమె రాణీలా ఉండేది. ఇరవై ఆరు దాటినవాళ్ళకి మొదటి తరగతి పాసే ఇచ్చేవాళ్ళు. ఆ మెత్తటి సీట్లలో దొరసానుల మధ్య, కాళ్ళ దగ్గర పేర్లు రాసిన దుప్పటి మూటలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అక్క కిటికీ వదిలేది కాదు. ద్రాక్ష తోటలు, నది మీద పడవలు, పచ్చిక మీద ఆవులు ఏది కనిపించినా ముందే పేరు చెప్పేది. పుస్తకంలో చదివిందంతా నోటికి వచ్చు. నాకు గట్టిగా జ్ఞాపకమున్న యూరప్ కూడా ఆ కిటికీలోదే, ఎందుకంటే అది మేమిద్దరం కలిసి చూసింది.

"ఊళ్ళన్నీ నీకిచ్చేశా," అని నవ్వింది ఒకసారి. "కొండ మాత్రం నాది."

ఇంటర్‌లాకెన్ చేరాం. మాకున్నది ఆ ఒక్క రోజే. సాయంత్రం మిలాను వైపు బండి ఎక్కి, రేపటికి రోమ్‌లో విమానం అందుకోవాలి. విమానం టికెట్ మార్చడానికి లేదు. పొద్దున్నే ఇద్దరం స్టేషనులో లెక్క చూసుకున్నాం. కొండ పైకి పోవడానికి రెండు గంటల పైన, రావడానికి అంతే. తొలి బండికి ఒకళ్ళు పోయి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరిగొస్తే, రెండు గంటల బండికి రెండోవాళ్ళు పోయి రావచ్చు. ఆ తర్వాత పోతే ఆ రోజు పైదాకా వెళ్ళి తిరిగి రావడం కుదరదు.

"ముందు నువ్వు పోక్కా," అన్నాను. అన్నాననే గుర్తు. అనలేదేమో కూడా.

"కాదు, నువ్వు పోయి దారి చూసిరా. మధ్యలో రెండుసార్లు బండి మారాలంట. యాడ మారాలో, యాడ నిలబడాలో వచ్చి నాకు చెప్పు. నాకు కంగారు," అంది. మెడలోంచి కెమెరా తీసి నాకు వేసింది. తన ఉన్ని స్వెటర్ కూడా ఇచ్చింది. "ఒంటిగంట. మర్చిపోబాక."

పైకి వెళ్ళాను. సొరంగంలోంచి బయటపడ్డాక కళ్ళు తెరవలేకపోయాను, అంత తెలుపు. అక్కడ నా వయసు పిల్లలు ఐదారుగురు పరిచయమయ్యారు, ఆడా మగా కలిసి. వాళ్ళవీ నావీ అరాకొరా ఇంగ్లీషు మాటలు. ఇండియా అంటే సంబరపడ్డారు. నా కెమెరాతో నాకు ఫొటోలు తీశారు. మంచు ముద్దలు చేసి కొట్టుకున్నాం. నేను అంతకుముందు ఎప్పుడూ మగపిల్లలతో ఆటలాడి ఎరగను. నన్నెవరూ సిస్టరని పిలవలేదు, ఎవరి పొట్లమూ నా చేతిలో లేదు.

దిగేటప్పుడు మధ్య స్టేషనులో బండి మారాలి. ఆ పిల్లలు అక్కణ్ణుంచి కింద ఊరిదాకా నడిచిపోతున్నారు. గంటలో చేరతాం, మాతో రమ్మన్నారు. అప్పుడు టైము పదకొండుంపావు. గంటలో అంటే పన్నెండుంపావు, అక్కడ బండెక్కితే ఒంటిగంటకి అక్క దగ్గరుంటాను. నేను లెక్క వేసుకున్నాకే వాళ్ళతో బయల్దేరాను. ఆ మాట ఒకటి నావైపునుంచి చెప్పుకోవాలి.

కానీ అది గంట దారి కాదు. మధ్యలో ఒకచోట పచ్చికలో కూర్చుని రొట్టె, జున్ను తీశారు. నేనూ కూర్చున్నాను. ఒకడు మౌత్ ఆర్గాన్ వాయించాడు. గడియారం చూసుకుంటే పన్నెండున్నర. నేను పోవాలి అని నిలబడితే, ఇంకెంత, ఇదిగో కిందే అని చూపించారు. చెట్ల సందుల్లో ఊళ్ళో ఇళ్ళ కప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. నేను మళ్ళీ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను తిరిగి తిరిగి అక్కడికే వస్తాను. దారి తెలియక ఆలస్యం కాలేదు, బండి తప్పిపోయి కాలేదు. తెలిసి, గడియారం చూసుకుని, మళ్ళీ కూర్చున్నాను.

స్టేషను చేరేసరికి మూడూ ఇరవై. దూరం నుంచే అక్క కనిపించింది. బెంచీ మీద, రెండు సంచులు చెరో పక్క, మూటలు కాళ్ళ దగ్గర. తల దువ్వుకుని, కొత్తగా జడ వేసుకుని, బయల్దేరడానికి తయారై ఉంది. చేతిలో కొండ బండి టికెట్, ఆ బండికి మా పాసు చెల్లదు. నేనొచ్చేలోగా కొని పెట్టుకుంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి ఏవేవో చెప్పాను. దారి తప్పానన్నాను. బండి లేటన్నాను. స్విట్జర్లాండ్‌లో బండి లేటని చెప్పడానికి నోరెలా వచ్చిందో. ఆమె నా చెప్పులకంటిన గడ్డి చూసింది, ఎండకి కందిన బుగ్గలు చూసింది.

"తిన్నావా?" అని అడిగింది.

తిన్నానని చెప్పలేక తినలేదన్నాను. పొద్దున నా కోసం దాచిన రొట్టె తీసి ఇచ్చింది. నేను ఆ రొట్టె కూడా తిన్నాను. తినకపోతే అబద్ధం బయటపడుతుంది గదా.

"కౌంటర్‌లో అడుగుదాం, టికెట్ వాపసు తీసుకుంటారేమో," అన్నాను.

"ఉండనీ," అని దాన్ని పుస్తకంలో పెట్టుకుంది.

మిలాను బండిలో ఆమె కిటికీ పక్కన కూర్చోలేదు. తలనొప్పిగా ఉందని ఆ సీటు నాకిచ్చింది. కొండలు వెనక్కి పోతుంటే నేను అటు చూడలేక, ఆమె వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను. పైన ఎలా ఉందని ఆమె అడగలేదు. నేనే చెప్పాలి, క్షమించమని కాళ్ళు పట్టుకోవాలి, పట్టుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. రోమ్‌లో విమానం ఎక్కేదాకా మేం మాట్లాడుకున్నవి పాస్‌పోర్టు, టికెట్, నీళ్ళు.

బొంబాయిలో ఆ కరీంనగర్ మనిషి తమ్ముడు నిజంగానే వచ్చి నిలబడున్నాడు. అక్కడే మూట విప్పి చూశాడు. గడియారం నడుస్తోంది, బొమ్మకి చిన్న గీత కూడా పడలేదు. అక్క మొహంలో అప్పుడు కాస్త వెలుగొచ్చింది. ఊళ్ళకి వెళ్ళాక మిగతా పొట్లాలు నేనూ ఆమె పంచుకుని ఇళ్ళకి చేర్చాం. తెనాలిలో ఒక తల్లి పాలపొడి డబ్బా, చీర అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత దూరం మోసుకొచ్చారా అమ్మా, ఇయ్యన్నీ ఇప్పుడు గుంటూరులో కూడా దొరుకుతున్నయ్యి," అంది. ఆమె తప్పేమీ లేదు, మర్యాదకే అంది. నాకు మాత్రం ఆ డబ్బా తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

సెలవైపోయి రాస్ అల్ ఖైమా తిరిగొచ్చాక యూరప్ సంగతి దాగలేదు. ఫిల్ము రీలు కడిగించడానికి ఇచ్చిన చోట మా హాస్టల్ అమ్మాయే ఒకతి ఫొటోలు చూసేసింది. నేను భయపడినంత గొడవేమీ జరగలేదు. తిట్టాల్సినవాళ్ళు రెండ్రోజులు తిట్టి, ఆ తర్వాత అందరూ మా గదిలోకి వచ్చి మంచాల మీద, కింద చాపల మీద సర్దుకున్నారు. ఫొటోలు చేతులు మారాయి. కోట ముందు నేను. వంతెన మీద నేను. మంచులో నేను, మంచు ముద్ద విసురుతూ నేను, రెండు చేతులూ చాపి నేను.

"అన్నిట్లో ఇదేగా ఉంది. నువ్వేవక్కా?" అని అడిగింది ఒకావిడ.

ఇప్పుడైనా చెబుతుందనుకున్నాను. చెబితే బాగుండని కూడా అనుకున్నాను.

"ఫొటోలు తీసే మనిషి ఫొటోలో ఎట్టా ఉంటదే?" అంది అక్క. "దానికి కెమెరా పట్టుకోవడం రాదు. అన్నీ నేనే తీశా."

అందరూ నవ్వారు. అక్కవి రెండైనా తీయకపోయావా, ఎంత స్వార్థమే నీకు అని నన్ను ఆటపట్టించారు. అక్క కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. లేదు, అక్క రాలేదు, నా మూలంగానే రాలేకపోయింది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ గదిలో అంత చోటుంది, అంత టైముంది. నేను తల దించుకుని నవ్వాను. ఆ తర్వాత ఆమె ఆ ఊళ్ళో ఉన్న నాలుగేళ్ళూ, ఆమె వెళ్ళిపోయాక రాసిన ఉత్తరాల్లోనూ కూడా నేను ఆ మాట అనలేదు. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను, వినడానికి ఆమె లేదు.

ఆ రోజు ఆ గదిలోనే, కొత్తగా చేరిన ఒక నర్సు, చిన్నపిల్ల, ముందుకు జరిగి అడిగింది. "మంచు చేత్తో పట్టుకుంటే ఎట్టా ఉంటదక్కా?"

అక్క చెప్పబోయింది. పుస్తకంలో చదివినవి ఎన్నో ఉండి ఉంటాయి. కోటల సంగతి, వంతెన సంగతి అప్పటిదాకా నాకంటే బాగా ఆమే చెప్పింది. కానీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. తన అరచెయ్యి ఒకసారి చూసుకుని నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే," అంది.

నేను చెప్పాను. పట్టుకోగానే చల్లగా ఉండదని, కాలినట్టు ఉంటుందని, నొక్కితే కిర్రుమంటుందని, కాసేపటికి వేళ్ళు మనవి కానట్టు అయిపోతాయని. అందరూ విన్నారు. వాళ్ళతో పాటు అక్క కూడా, కాస్త ముందుకు వంగి, మొదటిసారి విన్నది.